చెవికి మేలైన సాధనము: ఇయర్‌బడ్ల ఎంపికను గూర్చి తల్లిదండ్రులకొక పాఠము

భాష మొదట చెవిలో ప్రవేశించి పిదప నోట వెలువడును. తల్లి మాట వినని బిడ్డకు మాట రాదు. ఒడిశాలో తెలుగు నేర్చుకొను మన పిల్లల విషయమున ఈ సత్యము మఱింత గట్టిది. అంగడిలో ఒడియా, పైచదువులలో ఆంగ్లము, టెలివిజనులో హిందీ వినవచ్చుచుండగా, తెలుగు నిత్యము వినిపించు తావులు మనకు ముఖ్యముగా రెండు: ఒకటి ఇల్లు, రెండవది బడి.

ఆ యింటి మాట సయితము నేడు చాల కుటుంబములలో ఫోను మీదుగానే సాగుచున్నది. గంజాం జిల్లా వారు పనులకై సూరతునకును, ఉద్యోగములకై హైదరాబాదు, బెంగుళూరులకును, గల్ఫు దేశములకును, అమెరికాకును పోయి యున్నారు. బరంపురములోని మామ్మ మాట దూరమందున్న మనుమరాలి చెవికి చేరుటకు ఒక చిన్న యంత్రమే త్రోవ. మాట స్పష్టముగా వినబడినచో కథలు, సామెతలు, బంధువుల కబుర్లు, అన్నియు సాగును. వినబడనిచో "సరే, తరువాత మాట్లాడుదము" అని రెండు నిమిషములలో ముగియును. అందుచేత ఇయర్‌బడ్ల ఎంపిక కేవలము వేడుక వస్తువు ఎంపిక కాదు.

ఇయర్‌బడ్లనగా తీగ లేక, ఒక్కొక్క చెవిలో ఒక్కొక్కటిగా అమరు చిన్న శ్రవణ సాధనములు. ఫోనునుండి శబ్దము బ్లూటూత్ అను రేడియో పద్ధతిచే వానికి చేరును. ఇవి వేయి రూపాయల లోపునుండి పాతికవేల వఱకు దొరకుచున్నవి. చాల పెట్టెల మీద "నాయిస్ క్యాన్సిలేషన్" అని పెద్ద అక్షరములతో వ్రాసియుండును. ఆ మాటకు అర్థమేమి, దాని అక్కఱ ఎవరికి, పిల్లల చెవులకు ఎట్టి జాగ్రత్త వలయును అను విషయములను ఈ పాఠమున తెలిసికొందము.

రొద వలని హాని

శబ్దముయొక్క తీవ్రతను డెసిబెల్ అను మానముతో కొలుతురు. సామాన్య సంభాషణ సుమారు 60 డెసిబెల్లు. ఆకాశమున పోవుచున్న విమానము లోపలి రొద సుమారు 80 మొదలు 85 డెసిబెల్ల వఱకుండును. డెసిబెల్ల లెక్క సామాన్యమైన కూడిక కాదు. 3 డెసిబెల్లు పెరిగినచో ధ్వనిశక్తి రెట్టింపగును.

ప్రపంచ ఆరోగ్య సంస్థయు, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘమును కలసి 2019వ సంవత్సరమున ప్రకటించిన నియమము ప్రకారము, పెద్దలు 80 డెసిబెల్ల శబ్దమును వారమునకు 40 గంటలకు మించి వినరాదు. పిల్లలకు ఆ హద్దు 75 డెసిబెల్లు మాత్రమే. శబ్దము 3 డెసిబెల్లు పెరిగిన కొలది వినదగిన కాలము సగమగును. అనగా పెద్దలకు 83 డెసిబెల్ల వద్ద 20 గంటలు, 86 వద్ద 10 గంటలు, 89 వద్ద 5 గంటలు. ఈ లెక్కను ఇంటిలో పిల్లలచేతనే చేయింపవచ్చును.

మన లోపలి చెవిలో శబ్దమును గ్రహించు సూక్ష్మమైన కణములు ఒక్కొక్క చెవికి సుమారు 15,000 ఉండును. వానిపై వెండ్రుకలవంటి కొనలుండును. అధిక శబ్దముచేత చచ్చిన కణము మరల పుట్టదు. పాలపన్ను ఊడినచో క్రొత్త పన్ను వచ్చునుగాని, పోయిన వినికిడి తిరిగి రాదు.

రొదలో కూర్చుండి పాట వినువాడు ఏమి చేయును? రొదకు మించి వినబడుటకై శబ్దమును పెంచును. బస్సులో రొద 80 డెసిబెల్లున్నచో పాటను 90 దగ్గఱకు తెచ్చును. అప్పుడు చెవి రెండింటి భారమును మోయవలసి వచ్చును. రొదను అణచు సాధనముయొక్క నిజమైన ప్రయోజనము ఇచ్చటనే యున్నది. రొద తగ్గినచో తక్కువ శబ్దముతోనే మాట తేటగా వినవచ్చును. రొదను అణచియు శబ్దమును తగ్గింపనివాడు డబ్బు ఖర్చు చేసియు చెవిని కాపాడుకొననివాడే.

రొదను రొదచేత అణచుట

చెఱువులో రెండు రాళ్లు వేసినచో రెండు అలల వరుసలు బయలుదేరును. ఒక అలయొక్క మిట్ట, రెండవ అలయొక్క పల్లము ఒకే చోట, ఒకే క్షణమున కలిసినచో అచ్చట నీరు కదలక నిలుచును. శబ్దమును గాలిలోని అలయే. ఇయర్‌బడ్డు వెలుపలనున్న మైక్రోఫోను రొదను విని, దాని మిట్టకు పల్లమును, పల్లమునకు మిట్టయు అగు ప్రతిధ్వనిని తయారుచేసి చెవిలోనికి పంపును. రెండును కలిసి రొద అణగును. ఈ కార్యమంతయు సెకనులో వేల భాగములలో జరుగును.

ఈ ఉపాయమును గూర్చి జర్మనీ దేశీయుడగు పాల్ లూగ్ అను శాస్త్రజ్ఞునికి 1936 జూన్ నెలలో అమెరికా పేటెంటు లభించెను. మన గంజాము మద్రాసు రాజధానినుండి విడివడి క్రొత్త ఒడిశా రాష్ట్రమున చేరినది ఆ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన. అయితే ఆ కాలపు పరికరములతో ఈ ఊహను వాడుకలోనికి తెచ్చుట సాధ్యము కాలేదు. దానిని ప్రయాణికునికి చేరువ చేసినవారిలో ముఖ్యుడు అమర్ బోస్. ఆయన తండ్రి వంగదేశమునుండి అమెరికాకు పోయిన స్వాతంత్ర్యోద్యమవాది. 1978లో జూరిచ్ నుండి బోస్టన్‌కు విమానమున పోవుచు, అచ్చట ఇచ్చిన శ్రవణ సాధనములో రొద తప్ప మఱేమియు సరిగా వినబడకపోగా, బోస్ ఆ ప్రయాణముననే గణితముతో ఈ సమస్యను సాధింప నారంభించెను. 1986లో ఎచ్చటను ఆగక, ఇంధనము మరల నింపుకొనక భూమిని చుట్టివచ్చిన వాయేజర్ విమానమున ఆయన సంస్థ చేసిన నమూనాలను వాడిరి. 1989లో విమాన చోదకులకును, 2000లో సామాన్య ప్రయాణికులకును ఇట్టి సాధనములు అమ్మకమునకు వచ్చినవి. తీగ లేని చిన్న ఇయర్‌బడ్లలో ఈ ఏర్పాటును సోనీ సంస్థ 2017లోను, ఆపిల్ సంస్థ 2019లోను ప్రవేశపెట్టినవి.

దాని శక్తికి హద్దులు

ఈ ఉపాయము అన్ని శబ్దములను అణచునని తలపరాదు. విమానపు ఇంజను, రైలు, పంకా, ఎయిర్ కండిషనరు మున్నగువాని ఎడతెగని మంద్రధ్వనిని ఇది చక్కగా తగ్గించును. శిశువుల ఏడుపు, ప్రక్కవారి మాట, పళ్లెము పడిన చప్పుడు మున్నగువానిని అంతగా తగ్గింపలేదు.

కారణము సులభము. గాలిలో శబ్దము సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. సెకనుకు 100 సార్లు కంపించు మంద్రధ్వని అల పొడవు 3 మీటర్ల 40 సెంటీమీటర్లు. సెకనుకు 4,000 సార్లు కంపించు ధ్వని అల పొడవు ఎనిమిదిన్నర సెంటీమీటర్లే. పొడవైన అలకు సరిపోవు ఎదురలను కూర్చుట తేలిక. పొట్టి అల విషయమున కొంచెము ఆలస్యమైనను మిట్టకు మిట్టయే తగిలి ప్రయోజనము చెడును.

పొట్టి అలలను ఆపునది యంత్రము కాదు, చెవిలో బిగువుగా కూర్చుండు సిలికాను తొడుగు. అందువలననే మంచి ఇయర్‌బడ్లతో చిన్నవి, నడిమివి, పెద్దవి అను మూడు కొలతల తొడుగులు ఇత్తురు. కొందఱికి కుడి చెవికొక కొలతయు, ఎడమ చెవికొక కొలతయు సరిపడును. తొడుగు సరిగా కూర్చుండనిచో ఎంత వెలగల సాధనమైనను రొదను లోనికి విడుచును. తొడుగే లేక చెవి అంచున వ్రేలాడు రకములు ఈ పనికి తక్కువవి.

రెండు విధముల రొద

కొనువారు ఎక్కువగా తికమకపడునది ఇచ్చటనే. కావున తల్లిదండ్రులు దీనిని శ్రద్ధతో గమనింపవలెను.

పెట్టె మీద "ఎ.ఎన్.సి." అని యున్నచో, అది మనము పైన చెప్పుకొన్న ఏర్పాటు. అది ధరించినవారి చెవిలోని రొదను తగ్గించును. "ఇ.ఎన్.సి." అని యున్నచో అర్థము వేఱు. అది ధరించినవారి మాటతో పాటు పోవు చుట్టుప్రక్కల రొదను వడగట్టి, అవతలివారికి మాటను తేటగా వినిపించుటకు ఏర్పడినది. మొదటిది మన చెవికి, రెండవది ఎదుటివారి చెవికి.

ఒక ఉదాహరణము. కుమారుడు హైదరాబాదు నడివీథిలో నిలిచి బరంపురములోని తల్లితో మాట్లాడుచున్నాడు. వాహనముల రొద తల్లికి వినబడకుండుటకు కుమారుని సాధనములో ఇ.ఎన్.సి. మంచిదై యుండవలెను. తల్లి వంటయింటిలో మిక్సీ ప్రక్కనుండి వినుచున్నచో, ఆ మిక్సీ రొద కుమారునికి చేరకుండుటకు తల్లి సాధనములో ఇ.ఎన్.సి. ఉండవలెను. ఇద్దఱిలో ఎవరికిని ఎ.ఎన్.సి. ఈ పనిలో ప్రధానము కాదు. అదే తల్లి అమెరికాకు విమానమున పోవునపుడు, ఎవరితోను మాట్లాడదు గనుక, ఆమెకు వలసినది ఎ.ఎన్.సి. మాత్రమే.

దుకాణమున "నాయిస్ క్యాన్సిలేషన్ ఉన్నదా?" అని అడుగుట చాలదు. "ఏ రొదను, ఎవరి చెవిలో అణచును?" అని అడుగవలెను. చవుక రకములలో పలుమాఱు ఇ.ఎన్.సి. ఒక్కటే యుండును. దానిని విమానమునకై కొనినవారికి ఇంజను రొద యథాప్రకారముగా వినబడును.

దూర విమాన ప్రయాణమునకు

బరంపురమునుండి విదేశమునకు పోవువారు ముందుగా రైలులోనో కారులోనో భువనేశ్వరమునకో విశాఖపట్టణమునకో చేరి, అచ్చటినుండి హైదరాబాదు, ఢిల్లీవంటి పెద్ద విమానాశ్రయములకు పోవుట వాడుక. హైదరాబాదునుండి దుబాయికి సుమారు 4 గంటలు. దుబాయినుండి అమెరికా తూర్పు తీరమునకు సుమారు 14 గంటలు. ఈ లెక్కను బట్టి సాధనమును ఎంచుకొనవలెను.

ఇయర్‌బడ్లు ఎ.ఎన్.సి.తో ఒక్క విడతకు సామాన్యముగా 5 మొదలు 8 గంటలు పనిచేయును. పెట్టె మీద వ్రాసిన "30 గంటలు" మున్నగు అంకెలు డబ్బీలోని బ్యాటరీని కూడ కలిపినవి. అందుచేత 14 గంటల ప్రయాణమున నడుమ ఒకటి రెండు మార్లు వానిని డబ్బీలో పెట్టి ఛార్జి చేయక తప్పదు. భోజనవేళ అందులకు అనుకూలము.

విమానములోని సీటు తెరకు చాలచోట్ల తీగగల సాధనమునే తగిలింపవలెను. ఇయర్‌బడ్లు దానికి నేరుగా కలియవు. కలుపుటకు వేఱుగా ఒక చిన్న బ్లూటూత్ పరికరము కొనవలెను. లేదా చూడదలచిన వానిని ముందే ఫోనులో భద్రపఱచుకొనవలెను. ఫోనును విమాన స్థితిలో ఉంచిన పిదప బ్లూటూత్‌ను మరల తెఱచుకొనవచ్చును.

చెవిలో తొడుగు నిలువని వృద్ధులకు చెవిని పూర్తిగా కప్పు హెడ్‌ఫోనులు మేలు. అవి పెద్దవైనను ఒక్క విడతకు 20, 30 గంటలు పనిచేయును. చాల రకములకు తీగ తగిలించు రంధ్రము కూడ ఉండును. చిన్నవి సీటు సందులో పడు భయమును లేదు.

పవర్ బ్యాంకును సామానుపెట్టెలో వేయరాదు. చేతిసంచిలోనే తీసికొనిపోవలెను. విమానములో దాని వాడుకను గూర్చి ఆ సంస్థ చెప్పిన నియమమును పాటింపవలెను. విమానము లేచునపుడును, దిగునపుడును ప్రకటనలు వినబడునట్లు ఇయర్‌బడ్లను తీసివేయవలెను. దిగునపుడు చెవులు దిబ్బడ వేసినచో గుటకలు మ్రింగిన సర్దుకొనును.

నిత్యపు ఫోను సంభాషణకు

ఇయర్‌బడ్డులోని మైక్రోఫోను చెవి వద్ద నుండును, నోటి వద్ద కాదు. అందుచేత అది మన మాటను కొంత దూరమునుండి విని, మాటను రొదనుండి వేఱుచేయవలసి యుండును. గాలి విసురుగా వీచునపుడు ఈ పని మఱింత కష్టము. గోపాలపురపు సముద్రతీరమున నిలిచి మాట్లాడి చూచినచో ఈ భేదము వెంటనే తెలియును.

ఈ కారణముననే నాలుగైదు వందల రూపాయల తీగగల ఇయర్‌ఫోను మాటల విషయమున పలు ఇయర్‌బడ్లకంటె మేలుగా నుండును. దాని మైక్రోఫోను నోటికి దగ్గఱగా వ్రేలాడును. దానికి ఛార్జింగు అక్కఱలేదు. గుండ్రని రంధ్రము లేని క్రొత్త ఫోనులకు సి-టైపు తీగది దొరకును. ఇంటిలో కూర్చుండి మాట్లాడువారికిని, పాఠములు వినువారికిని అది చాలును. తక్కువ ఆదాయముగల కుటుంబము ఇయర్‌బడ్లు కొనలేకపోతిమని విచారింప నక్కఱలేదు.

బ్లూటూత్‌లో పాట వినునపుడుండు మాధుర్యము మాట్లాడునపుడుండదు. మాట పోవుటకును వచ్చుటకును ఒకే త్రోవను పంచుకొనుటచేత శబ్దము కొంత మొద్దుబారును. కావున దుకాణమున పాట విని ముచ్చటపడి కొనరాదు, మాట్లాడి చూచి కొనవలెను.

పెద్దల వినికిడి

వయసు మీఱిన కొలది ముందుగా తగ్గునది సన్నని ధ్వనులను వినుశక్తి. క, చ, త, ప, స వంటి హల్లులను ఒకదానినుండి మఱొకదానిని వేఱుచేసి చూపునవి ఆ సన్నని ధ్వనులే. అందువలన తాతగారికి మాట వినబడును గాని తెలియదు. కాలు, పాలు, చాలు అను మూడు మాటలు ఒకటే అనిపించును. పాతకాలపు టెలిఫోను పద్ధతిలో 3,400 కంపనములకు మించిన ధ్వని పంపబడదు గనుక ఈ కష్టము ఇనుమడించును. మంచి నెట్‌వర్కున్నపుడు ఇంటర్నెట్ ద్వారా మాట్లాడినచో ఆ హద్దు విస్తరించి మాట తేటపడును.

శబ్దమును పెంచుట దీనికి మందు కాదు. చెవి, ముక్కు, గొంతు వైద్యునిచే పరీక్ష చేయించుట మందు. 1962లో స్థాపింపబడిన మన ఎం.కె.సి.జి. వైద్యకళాశాలలో ఆ విభాగము కలదు. కొన్ని ఇయర్‌బడ్లు వినికిడి యంత్రములుగా కూడ పనిచేయుచున్నవి. 2024 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వ సంస్థ ఆపిల్ ఎయిర్‌పాడ్స్ ప్రోలోని అట్టి ఏర్పాటును, స్వల్పముగా గాని ఒక మోస్తరుగా గాని వినికిడి తగ్గిన పెద్దలకై అనుమతించెను. అయినను పరీక్ష లేక ఎవరికి వారు వైద్యులు కారాదు.

వినికిడి విలువ మన ప్రాంతమునకు క్రొత్తగా చెప్పవలసినది కాదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండి అడవులలో సవర భాషను నేర్చిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు (1863–1940) మలేరియాకు వాడిన క్వినైను మూలమున వినికిడిని పోగొట్టుకొనిరి. ప్రజల నోటి మాటను చెవితో విని గ్రంథములకెక్కించిన మహనీయునికి చెవి పోవుట ఎంతటి నష్టమో ఊహింపవచ్చును. ఆయన జ్వరముచేతను మందుచేతను పోగొట్టుకొన్నదానిని మన పిల్లలు వినోదముచేత పోగొట్టుకొనరాదు.

పిల్లల విషయమున

చిన్న పిల్లలకు ఇయర్‌బడ్లు నిత్యావసరము కావు. పాఠము వినుటకు అవసరమైనచో ఫోనులో శబ్దపు హద్దును ఏర్పఱచి ఈయవలెను. చాల ఫోనులలో ఆ ఏర్పాటున్నది. పూర్తి శబ్దములో నూటికి 60 వంతులకు మించకుండుట మంచి అలవాటు. చేయిచాపు దూరమున నిలిచి పిలిచిన పిలుపు బిడ్డకు వినబడనిచో శబ్దము మితిమీఱినదని గ్రహింపవలెను. ఇంటిలోని రొద తక్కువైన చోట చదువుకొననిచ్చుట సాధనము కొనుటకంటె మేలు.

దారిలో నడచునపుడును, సైకిలు మీదను, 16వ నంబరు జాతీయ రహదారిని గాని రైలు పట్టాలను గాని దాటునపుడును రెండు చెవులలోను ఇయర్‌బడ్లు ఉండరాదు. ఎ.ఎన్.సి. వాహనపు మంద్రధ్వనినే ముందుగా అణచును గనుక అది దారిలో మఱింత ప్రమాదకరము. ఒకరి ఇయర్‌బడ్లను మఱొకరు వాడరాదు. చెవిపోటు గాని చీము గాని ఉన్నపుడు అసలే వాడరాదు.

కొనునపుడు చేయవలసిన పరీక్షలు

1. పెట్టె మీద ఎ.ఎన్.సి., ఇ.ఎన్.సి. అను రెండింటిలో ఏది యున్నదో చదువవలెను.

2. భారతీయ ప్రమాణముల సంస్థ, అనగా బి.ఐ.ఎస్., నమోదు గుర్తును, వారంటీ కాలమును, దగ్గఱలో మరమ్మతు కేంద్రమున్నదో లేదో చూడవలెను.

3. తొడుగుల కొలత సరిచూచుకొని, తల ఊపి, నోరు కదిపి, ఊడకుండుటను పరీక్షింపవలెను.

4. పంకా దగ్గఱ నిలిచి, ఏ పాటయు లేక, ఎ.ఎన్.సి.ని ఒకమాఱు తెఱచి, ఒకమాఱు మూసి భేదమును గమనింపవలెను.

5. దుకాణము వెలుపల రోడ్డు ప్రక్కనుండి ఇంటికి ఫోను చేసి, తెలుగు వాచకములోని నాలుగు వాక్యములు చదువవలెను. అవతలివారు వానిని తప్పు లేక తిరిగి చెప్పినచో మైక్రోఫోను మంచిది.

6. చిన్న బ్యాటరీలు రెండు మూడేండ్లలో నీరసించును. వానిని మార్చుట సాధారణముగా వీలుపడదు. కావున ఏటికొకమాఱు విమానమెక్కువారు అప్పు చేసి పాతికవేల సాధనము కొనుట తగదు.

ముగింపు

పని తెలిసి సాధనమును ఎంచుకొనవలెను. విమానమునకు ఎ.ఎన్.సి., బిగువైన తొడుగు, చాలినంత బ్యాటరీ. మాటలకు మంచి మైక్రోఫోను. రెండింటికిని తక్కువ శబ్దము. ఏ సాధనమైనను చుట్టునున్న మనుష్యులను మఱచుటకు కాక, దూరమందున్న మనుష్యులను వినుటకు ఉపయోగపడవలెను. భోజనము వేళ ఇంటిలో అందఱును ఇయర్‌బడ్లను డబ్బీలో పెట్టి తెలుగున మాట్లాడుకొను నియమము పెట్టుకొన్నచో, బడిలో మేము చెప్పు పాఠమునకు అంతకు మించిన సాయము లేదు.